భాగం – 7 : ఆన్‌లైన్ బోధనా తరగతికి వీడియో కాన్ఫరెన్స్ ఏర్పాటు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు పది, పదిహేను మంది పాల్గొనే ఆన్‌లైన్ తరగతిని మీ ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి ఏర్పాటు చేయగలుగుతారు. తరగతికి ఎంత డేటా ఖర్చవుతుందో ముందే లెక్క కట్టగలుగుతారు. పిలవని వారు లోపలికి రాకుండా అమర్చుకోవడం, మాట తెగిపోయినప్పుడు కారణాన్ని గుర్తించి సరిచేయడం నేర్చుకుంటారు.

7.1 పరిచయం

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ప్రారంభమైంది. పుస్తకంతో పాటు అధ్యయన కేంద్రంలో సంప్రదింపు తరగతులు ఉండాలన్నది మొదటి నుంచీ ఉన్న పద్ధతి. పుస్తకం సందేహాన్ని కలిగిస్తుంది కాని, మీరు అడిగిన దానికి జవాబు చెప్పదు కదా! అయితే ఆ తరగతికి అందరూ రాగలుగుతున్నారా?

నిజామాబాద్ గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలలోని అధ్యయన కేంద్రానికి బోధన్ నుంచి రావాలంటే పాతిక కిలోమీటర్లకు పైగా ప్రయాణం. వర్ని, కోటగిరి వైపు ఊళ్ల నుంచి ఇంకా ఎక్కువ. పసుపు తవ్వకాల రోజుల్లో ఆదివారం కూడా సెలవు దొరకదు. బీడీలు చుట్టే ఇంట్లో ఒక పూట పోతే ఆ పూట కూలీ పోయినట్లే. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. పని వెతుక్కుంటూ బోధన్ విడిచి వెళ్లిన వారిలో డిగ్రీ మధ్యలో ఉన్నవారూ ఉంటారు. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తూ ఇక్కడి డిగ్రీ పూర్తి చేయాలనుకునేవారి సంగతి సరే సరి. వీరందరికీ వారానికి ఒక గంట ఆన్‌లైన్ తరగతి దొరికితే, పరీక్ష రాయడానికీ మానేయడానికీ మధ్య తేడా అదే కావచ్చు. ఆ గంట ఏర్పాటు చేసే బాధ్యత మీదే అనుకొని ఈ భాగం చదవండి. చదువు చెప్పేది మీ కౌన్సెలర్ కావచ్చు, మీలోనే బాగా చదివిన ఒకరు కావచ్చు.

7.2 ఏ సాఫ్ట్‌వేర్?

జూమ్, గూగుల్ మీట్ ఈ రెండూ చాలామందికి పరిచయమే. జూమ్ ఉచిత ఖాతాలో ఒక సమావేశం 40 నిమిషాలే సాగుతుంది. ముగ్గురు, అంతకు మించి పాల్గొనే మీట్ సమావేశం ఉచితంగా 60 నిమిషాలు సాగుతుంది. రెండింటిలోనూ నూరు మంది వరకు చేరవచ్చు. జిట్సీ, బిగ్‌బ్లూబటన్ అనేవి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. రెండవది తరగతుల కోసమే కెనడాలోని కార్లెటన్ విశ్వవిద్యాలయంలో 2007లో మొదలైంది. దానికి సొంత సర్వర్ కావాలి కాబట్టి అది సంస్థలకే అనుకూలం.

వాట్సాప్ వీడియో కాల్ చాలదా అని మీరు అడగవచ్చు. ఇద్దరు ముగ్గురికి చాలు. కాని వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరి ఫోన్ నంబరు మిగిలిన అందరికీ కనిపిస్తుంది. కొత్తవారికి తమ నంబరు తెలియడం ఇష్టం లేక గ్రూపుకే దూరంగా ఉండే విద్యార్థినులు ఉంటారు. మీట్, జూమ్ లింకు ద్వారా చేరితే పేరు మాత్రమే కనిపిస్తుంది. ఈ ఒక్క కారణం చాలు, తరగతికి వాట్సాప్ వద్దని చెప్పడానికి.

40 నిమిషాల పరిమితిని లోపంగా భావించవద్దు. 35 నిమిషాల పాఠం, పది నిమిషాల విరామం, అదే లింకుతో మళ్లీ చేరి సందేహాలు అనే పద్ధతి పెట్టుకుంటే, పొలం నుంచో పని నుంచో వచ్చి కూర్చున్నవారికి అదే మేలు. కింది వివరణలో జూమ్‌ను ఉదాహరణగా తీసుకున్నాం. మీట్‌లో మీటల పేర్లు కొంత మారినా వరుస దాదాపు ఇదే.

7.3 డేటా లెక్క

ఈ విభాగాన్ని తొందరపడకుండా చదవండి. తరగతి మధ్యలో మాయమయ్యేవారిలో చాలామందిది డేటా సమస్యే.

ఇంటర్నెట్ వేగాన్ని కిలోబిట్లలో చెబుతారు, డేటా ప్యాకును మెగాబైట్లలో అమ్ముతారు. ఒక బైట్‌కు 8 బిట్లు. మాట ఒక్కటే వినడానికి జూమ్‌కు సెకనుకు 60 నుంచి 80 కిలోబిట్లు కావాలి. 80 చొప్పున గంటకు, అంటే 3,600 సెకన్లకు, 2,88,000 కిలోబిట్లు. దానిని 8తో భాగిస్తే 36,000 కిలోబైట్లు, అంటే 36 మెగాబైట్లు. స్పష్టమైన వీడియోకు సెకనుకు 600 కిలోబిట్లు అనుకుంటే, ఇదే లెక్క ప్రకారం గంటకు 270 మెగాబైట్లు. మీ కెమెరా కూడా తెరిచి ఉంచితే పంపేదానికి మరో 270. మొత్తం 540. టీచరు తెర మీద చూపే పాఠానికి మాత్రం సెకనుకు 50 నుంచి 75 కిలోబిట్లు సరిపోతాయి.

అంటే మాట, తెర మీది పాఠం రెండూ కలిపినా గంటకు సుమారు 70 మెగాబైట్లు. ముఖాలు చూసుకుంటే దానికి ఏడెనిమిది రెట్లు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు ఉన్న ఇంట్లో పిల్లలు సాయంత్రానికే సగానికి పైగా వాడేసి ఉంటారని మరవకండి. రోజు కోటా అయిపోయాక చాలా ప్యాకుల్లో వేగం 64 కిలోబిట్లకు పడిపోతుంది. పైన చెప్పిన 80తో పోల్చి చూడండి. బొమ్మ సంగతి అటుంచి, మాట కూడా ముక్కలుగా వినిపించేది అందుకే. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నా ఇలాగే జరుగుతుంది. కాబట్టి మొదటి రెండు నిమిషాలు అందరూ ముఖాలు చూపి పలకరించుకోండి, తరువాత చెప్పేవారు తప్ప మిగిలినవారు వీడియో ఆపేయండి. ముఖం చూపలేదని ఎవరినీ తప్పుపట్టవద్దు.

7.4 సమావేశాన్ని అమర్చడం

యాప్ తెరిచి మీ ఖాతాతో లోపలికి వెళ్లి 'షెడ్యూల్' నొక్కండి. పేరు దగ్గర సబ్జెక్టు, భాగం సంఖ్య రాయండి. తేదీ, సమయం ఇవ్వండి. మీ సొంత సమావేశ సంఖ్య కాక, యాప్ తయారుచేసే సంఖ్యనే ఎంచుకోండి. మీ సొంత సంఖ్య ఒకసారి బయటకు వెళ్తే మారదు, ఎవరైనా ఎప్పుడైనా ప్రయత్నించవచ్చు. పాస్‌కోడ్, వెయిటింగ్ రూమ్ రెండూ తెరిచి ఉంచండి. చేరగానే మైకు మూసుకునేటట్లు, తెర పంచుకునే హక్కు హోస్టుకే ఉండేటట్లు అమర్చండి.

ఈ జాగ్రత్తలు అతిగా అనిపించవచ్చు. 2020 ఏప్రిల్ 16న కేంద్ర హోంశాఖ జూమ్ వాడకంపై హెచ్చరిక జారీ చేసినప్పుడు సూచించినవి దాదాపు ఇవే. పరాయివారు తరగతుల్లోకి చొరబడి అసభ్య చిత్రాలు చూపిన ఘటనలు అప్పట్లో అనేక దేశాల్లో జరిగాయి. ప్రతిసారీ కొత్త సంఖ్య, కొత్త పాస్‌కోడ్ పెట్టాలని కూడా ఆ హెచ్చరిక చెప్పింది. పదిహేను మంది తరగతికి అది ఇబ్బందే. పాత లింకు వెతుక్కుని బయట ఉండిపోయేవారు ఎక్కువవుతారు. సెమిస్టరు అంతా ఒకే లింకు ఉంచి, వెయిటింగ్ రూమ్‌లో పేరు చూసి లోపలికి రానివ్వడం మేలని మా అభిప్రాయం.

పేరు చూసి అన్నాం కదా, అక్కడే ఒక చిక్కు. ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే తెర మీద అన్న పేరో, ఫోన్ కంపెనీ పేరో వస్తుంది. 'రెడ్‌మీ' అన్న పేరుతో ముగ్గురు నిలబడితే ఎవరిని రానిస్తారు? చేరే ముందు తమ పేరు, ఊరు రాయమని లింకుతో పాటే చెప్పండి.

సమయం విషయంలో గల్ఫ్‌లో ఉన్న తోటి విద్యార్థులను గుర్తుంచుకోండి. ఇక్కడ రాత్రి 8 అయితే దుబాయిలో 6.30, సౌదీ, కువైట్, ఖతర్‌లలో 5.30. పైగా ఆ మూడు దేశాల్లో ఆదివారం పని దినం. శుక్రవారం రాత్రి వారికి వీలైన సమయం.

7.5 వినిపించడం, కనిపించడం

తరగతి నిలిచేది మాట మీద. మైకు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే సగం సమస్యలు ఉండవు. ఒకే గదిలో ఇద్దరు రెండు ఫోన్లతో చేరితే ఒకరి స్పీకరు మాట మరొకరి మైకులోకి వెళ్లి కీచుమని మోగుతుంది. అప్పుడు ఒక ఫోన్‌లో మైకు, స్పీకరు రెండూ ఆపాలి. చెప్పేవారు ఫోన్ వాడుతుంటే, మధ్యలో మామూలు కాల్ వచ్చి ఎత్తితే తరగతికి మాట ఆగిపోతుంది. ఆ గంట సేపు కాల్స్ రాకుండా 'డు నాట్ డిస్టర్బ్' పెట్టుకోండి.

అకౌంటెన్సీ లెక్కో, గణితమో చెప్పడానికి నల్లబల్ల అక్కరలేదు. టేబుల్ మీద ఒక జానెడు ఎత్తులో పుస్తకాలు రెండు దొంతరలుగా పేర్చి, వాటి మీద రెండు స్కేళ్లు అడ్డంగా ఉంచి, ఫోన్‌ను కెమెరా కిందికి చూసేలా పడుకోబెట్టండి. కింద తెల్ల కాగితం, నల్ల స్కెచ్ పెన్. వెనుక కెమెరాకు మార్చడం మరవద్దు. ముందు కెమెరాతో అక్షరాలు తిరగబడి కనిపిస్తే కంగారు పడకండి. ఆ అద్దం బొమ్మ మీకే, ఎదుటివారికి అక్షరాలు సరిగానే కనిపిస్తాయి.

కరెంటు పోతే వైఫై కూడా పోతుంది. తరగతికి ముందే ఫోన్‌లో మొబైల్ డేటా మిగిలి ఉందో లేదో చూసుకోండి. హోస్టు మాయమైతే వెయిటింగ్ రూమ్‌లో ఉన్నవారు అక్కడే ఉండిపోతారు. కరెంటు అనుమానంగా ఉన్న రోజు 'మేక్ హోస్ట్' ద్వారా బాధ్యతను వేరే ఊరిలో ఉన్న తోటి విద్యార్థికి ముందే అప్పగించండి. ఉచిత జూమ్‌లో రికార్డింగు కంప్యూటర్ నుంచే సాధ్యం. రికార్డు చేసే ముందు అందరినీ అడగండి, ఒక్కరు వద్దన్నా మానేయండి. పాఠం కాగితాల ఫోటోలు పంపితే చాలు.

7.6 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బోధన్‌లో ఒక విద్యార్థిని ఫోన్‌లో ఆ రోజుకు 200 మెగాబైట్లు మిగిలాయి. తరగతి గంటన్నర. ఆమె కెమెరా తెరవవచ్చా? మాట, తెర మీది పాఠం మాత్రమే అయితే సరిపోతుందా? లెక్క చూపండి.

2. జూమ్ డాట్ యూఎస్ స్లాష్ టెస్ట్ అనే చిరునామాలో మీ మైకు, స్పీకరు ఈ రోజే పరీక్షించండి. తరువాత మీ కేంద్రానికి చెందిన ఇద్దరితో పది నిమిషాల నమూనా తరగతి పెట్టి, ఎవరి మాట ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో మీ నోటు పుస్తకంలో రాసుకోండి.