18 రోజుల కోర్సులో ఖాళీ గంట

అమెరికాలోని కొలరాడో కాలేజీలో విద్యార్థి ఒకసారికి ఒకే సబ్జెక్టు చదువుతాడు. మూడున్నర వారాలు, అంటే 18 పనిదినాలు, పొద్దున లేస్తే అదే. నాలుగో వారం బుధవారం కోర్సు ముగుస్తుంది, కొద్ది రోజులు సెలవు, ఆపైన ఇంకో సబ్జెక్టు. 1970లో మొదలైన ఈ ‘బ్లాక్ ప్లాన్’ ఇప్పటికీ నడుస్తోంది. మెల్‌బోర్న్‌లోని విక్టోరియా యూనివర్సిటీ 2018లో మొదటి ఏడాది విద్యార్థులతో ఇలాంటిదే, నాలుగేసి వారాల చొప్పున, మొదలుపెట్టింది.

సెమిస్టరంతా పాఠం చెప్పినా సిలబస్ పూర్తికాని చోట మూడున్నర వారాలేం సరిపోతాయని అనిపిస్తుంది. అయితే ఇక్కడ కలిసొచ్చేది అడ్డులేని సమయం. భూగర్భశాస్త్రం క్లాసు మొత్తం మూటాముల్లె సర్దుకుని రోజుల తరబడి కొండల్లో రాళ్లు చూస్తూ ఉండిపోవచ్చు. పదకొండింటికి లెక్కల క్లాసుందని పరుగెత్తక్కర్లేదు, అటెండెన్స్ కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు.

చేసి నేర్చుకోవడం గురించి డేవిడ్ కోల్బ్ 1984లో రాసిన పుస్తకంలో నాలుగు దశలున్నాయి: ఒక అనుభవం, దాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడం, అందులోంచి ఒక సూత్రం పట్టుకోవడం, ఆ సూత్రాన్ని మళ్లీ ప్రయోగించి చూడడం. మనిషి నేర్చుకునేది మరీ ఇంత వరసగా కాదని విమర్శలున్నాయి, న్యాయమైనవే. కానీ టైంటేబుల్ వేసేవాళ్లకు ఈ వరస పనికొస్తుంది, ఎక్కడ కోత పడుతోందో చూపిస్తుంది. కోర్సు కుదించగానే ఎగిరిపోయేది రెండో దశ. మొదటిదానికి బస్సు ఉంటుంది, బ్యానర్ ఉంటుంది, గ్రూప్ ఫొటో ఉంటుంది. ఆలోచిస్తూ కూర్చున్నవాణ్ణి ఫొటో తీస్తే నిద్రపోతున్నట్టు పడతాడు.

సివిల్ ఇంజనీరింగ్‌లో తాగునీటి శుద్ధి మీద 18 రోజుల కోర్సు వేస్తున్నామనుకుందాం. అలవాటు ప్రకారం ప్లాంటు సందర్శన చివరి వారంలో వస్తుంది, అంటే పాఠాలన్నీ విన్నందుకు బహుమానంగా. దాన్ని రెండో రోజుకు తెచ్చి, ఒకే ప్రశ్న ఇచ్చి పంపాలి: ఇసుక ఫిల్టర్‌ను ఎప్పుడు కడగాలో ఆపరేటర్‌కు ఎలా తెలుస్తుంది? విద్యార్థి చూసి, అడిగి, తన ఊహ రాసుకుంటాడు. మర్నాడు పాఠం లేదు. ఎవరి ఊహ వాళ్లు చదివి వాదించుకుంటారు. మురికి పేరుకునేకొద్దీ ఇసుకలోంచి నీరు దిగడానికి ఎక్కువ ఒత్తిడి కావాలన్న సంగతి ఆ వాదనలో సగం బయటపడుతుంది, మిగతా సగానికే మాస్టారి అవసరం. రెండో వారం ల్యాబులో గొట్టంలో ఇసుక నింపి, అది ఎన్ని గంటలకు మూసుకుపోతుందో ముందే అంచనా వేసి చూస్తారు. మూడో వారం అదే ప్లాంటుకు మళ్లీ వెళ్తారు. రెండోసారి ఆపరేటర్‌ను అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

ఒకే చోటికి రెండుసార్లు పోవడం దుబారా కాదు. విడతలుగా చదివింది ఏకబిగిన బట్టీ పట్టినదానికంటే బాగా గుర్తుంటుందని మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. ఇంటెన్సివ్ కోర్సు స్వభావమే ఏకబిగిన. కాబట్టి అదే ప్రశ్నను కొన్ని రోజుల ఎడంతో తిరిగి ఎదురుపడేలా చేయాలి.

మార్కులూ దాన్నిబట్టే పడాలి. సందర్శన రిపోర్టు అడిగితే ముందు బ్యాచ్ రికార్డు సిద్ధంగా ఉంటుంది, జిరాక్స్ సెంటరూ పక్కనే ఉంటుంది. రెండో రోజు రాసిన ఊహ, అది ఎక్కడ తప్పింది, ఎందుకు మార్చుకున్నావు అని అడిగితే సీనియర్ల రికార్డు అక్కరకు రాదు.

అన్ని సబ్జెక్టులూ ఇలా కుదించలేం. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులు చివరి ఏడాది ‘గ్రామీణ వ్యవసాయ పని అనుభవం’ కింద ఊళ్లో ఉండి రైతుల వెంట పొలానికి వెళ్తారు. విత్తనం 18 రోజుల్లో పంట చేతికివ్వదు. దానికి సీజన్ పడుతుంది, అంత వ్యవధీ ఇవ్వాల్సిందే.

కుదించిన కోర్సు వేసేవాళ్లు ముందు ఆ వాదించుకునే పూటను టైంటేబుల్లో రాసుకోండి, తర్వాత బస్సు మాట్లాడండి. ఖాళీగా కనిపిస్తోంది కదా అని అందులో గెస్ట్ లెక్చర్ మాత్రం పెట్టకండి.