మోకాలు దెబ్బతిన్నా మొక్కవోని ఆట
గోపీచంద్ కథ మన కబడ్డీ కుర్రాళ్లకు పాఠం

బోడుప్పల్ : పొద్దు వాలితే చాలు, బోడుప్పల్, నాచారం, ఉప్పల్ పరిసరాల్లో మిగిలి ఉన్న ఖాళీ జాగాల్లో కుర్రాళ్ల సందడి మొదలవుతుంది. ఒకచోట కబడ్డీ కూత. మరోచోట రెండు కర్రల మధ్య తాడు కట్టి షటిల్. ఊళ్లు కాలనీలయినా ఈ అలవాటు మాత్రం పోలేదు. అయితే బాగా ఆడే కుర్రాడొకడు ఉన్నట్టుండి ఆటకు రావడం మానేస్తాడు. ఏమైందని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "మోకాలు పోయిందన్నా!"

మోకాలు పోతే ఆట పోయినట్టేనా? కాదని మన హైదరాబాదులోనే ఒకరు చేసి చూపించారు. ఆయనే పుల్లెల గోపీచంద్.

20 ఏళ్లకే దెబ్బ

గోపీచంద్ 1973 నవంబరు 16న నాటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఎస్.ఎం. ఆరిఫ్ వద్ద బ్యాడ్మింటన్‌లో ఓనమాలు దిద్దారు. ఆట మీదనే మనసు పెట్టి, దేశంలోని మంచి ఆటగాళ్లలో ఒకడిగా పైకి వస్తున్న రోజులవి. 1994లో పుణెలో జాతీయ క్రీడలు జరిగాయి. డబుల్స్ ఆడుతుండగా ఆయన మోకాలు దెబ్బతిన్నది. లోపలి లిగమెంటు తెగిపోయింది. అప్పటికి ఆయన వయసు 20 ఏళ్లు.

లిగమెంటు అంటే ఎముకకూ ఎముకకూ మధ్య పలుపుతాడు వంటిది. తొడ ఎముకను, కింది కాలి ఎముకను జారిపోకుండా అది పట్టి ఉంచుతుంది. మోకాలి మధ్యలో ఉండే ఈ ముందరి లిగమెంటు పూర్తిగా తెగితే సాధారణంగా దానంతట అది అతుక్కోదు. నడవడానికి ఇబ్బంది లేకపోవచ్చు. పరుగెత్తుతూ పక్కకు తిరిగితే మాత్రం మోకాలు పట్టు తప్పుతుంది. షటిల్ ఆటంతా ఎగరడం, వంగడం, చటుక్కున పక్కకు తిరగడమే. అటువంటి ఆటగాడికి ఇది ఎంతటి దెబ్బో వేరే చెప్పనక్కరలేదు.

గోపీచంద్ మోకాలికి ఒకసారి కాదు, పలుమార్లు ఆపరేషన్ చేయవలసి వచ్చింది.

ఏడేళ్ల పట్టుదల

ఆయన ఆట మానలేదు. అలాగని తొందరపడి ఒకేసారి పెద్ద పోటీలకు ఎగబడలేదు. మెట్టు మెట్టుగా ఎక్కారు. 1996లో జాతీయ చాంపియన్ అయ్యారు. అక్కడి నుంచి 2000 వరకు వరుసగా 5 సార్లు ఆ టైటిల్ ఆయనదే. 1998లో కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ కాంస్యం గెలిచారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇండోనేషియాకు చెందిన హెండ్రవాన్ చేతిలో ఓడిపోయారు.

మరుసటి ఏడు మార్చిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ పోటీలు జరిగాయి. సెమీఫైనల్లో డెన్మార్క్ ఆటగాడు పీటర్ గాడేను 17-14, 17-15తో ఓడించారు. ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో మట్టికరిపించారు. 1980లో ప్రకాష్ పదుకొనే గెలిచిన తర్వాత ఆ టైటిల్ మన దేశానికి రావడం 21 ఏళ్లకు అదే మొదలు. దెబ్బ తగిలిన నాటికీ కప్పు ఎత్తిన నాటికీ మధ్య గడిచినవి ఏడేళ్లు.

ఇల్లు తాకట్టు పెట్టి

ఆల్ ఇంగ్లండ్ తర్వాత కూడా గాయాలు ఆయనను వదలలేదు. శరీరం ఇక సహకరించదని తెలిశాక ఆయన ఇంట్లో కూర్చోలేదు. రాకెట్ పిల్లల చేతికిచ్చారు. గచ్చిబౌలిలో ప్రభుత్వం ఇచ్చిన 5 ఎకరాల స్థలంలో అకాడమీ కట్టడానికి పూనుకున్నారు. డబ్బు చాలకపోతే సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. దాతలు కూడా చేయూతనిచ్చారు. 2008లో అకాడమీ తలుపులు తెరుచుకున్నాయి.

ఆయన శిక్షణలో సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ పతకపు పోటీలో చైనా క్రీడాకారిణి వాంగ్ జిన్ మోకాలి నొప్పితో ఆట మధ్యలోనే తప్పుకున్నది. 2016 రియోలో పి.వి. సింధు రజతం గెలిచింది. అదే ఏడు సైనా మోకాలికి ఆపరేషన్ జరిగింది. 2017లో ఆమె ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచి, అటు తర్వాత తిరిగి గోపీచంద్ శిక్షణలోకి వచ్చింది. 2018 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం అందుకున్నది. ఆపరేషన్ బల్ల మీద పడుకుని లేచి గెలిచినవాడు గురువైతే, శిష్యుల నొప్పి ఆయనకు వేరేగా చెప్పవలసిన పనిలేదు.

మన ఊళ్లలో ఏం చేయాలి?

అందరూ గోపీచంద్‌లు కాలేరు. కానీ గాయం విషయంలో ఆయన దారి అందరికీ పనికివస్తుంది. ఆడుతుండగా మోకాలిలో టప్‌మని చప్పుడైనట్టు అనిపించినా, కొద్ది గంటల్లోనే బాగా వాచినా, నడుస్తుంటే కాలు జారిపోతున్నట్టున్నా తేలిగ్గా తీసుకోకూడదు. వెంటనే ఆట ఆపాలి. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. లాగి సరిచేస్తామనేవారి చేతికి కాలు ఇవ్వకూడదు. నాటు కట్టుతో వాపు తగ్గినట్టు కనిపించవచ్చు గానీ, తెగిన లిగమెంటు అతుక్కోదు. ఎముకల డాక్టరుకు చూపించాలి. ఎక్స్‌రేలో లిగమెంటు కనిపించదు. అవసరమైతే ఎంఆర్ఐ తీయించాలి.

ఆపరేషన్‌తో పని అయిపోదు. తొడ కండరాలకు బలం వచ్చేదాకా రోజూ వ్యాయామం చేయాలి. తిరిగి ఆటలోకి దిగడానికి సుమారు 9 నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఈ ఓపిక లేకనే ఎక్కువ మంది చెడుతున్నారు. రెండో నెలకే కూతకు దిగితే అదే మోకాలు మళ్లీ పోతుంది.

ఆపరేషన్ అందరికీ అవసరం కాకపోవచ్చు. మునుపటిలా ఆడలేకపోయినా ఆటకు దూరం కానక్కరలేదు. రిఫరీగా ఈల ఊదవచ్చు. చిన్నపిల్లలకు మెలకువలు నేర్పవచ్చు. గోపీచంద్ గెలిచిన ఆల్ ఇంగ్లండ్ కప్పు ఒక్కటే. నేర్పిన ఆటతో వచ్చిన పతకాలు ఎన్నో.

ఉప్పల్‌లో మెట్రో రైలెక్కితే రాయదుర్గంలో దిగవచ్చు. అక్కడికి గచ్చిబౌలి దగ్గరే. మన పిల్లలకు ఆ దారి దూరమేమీ కాదు. మోకాలు పోయిందని మూల కూర్చున్న కుర్రాడు మీ వీధిలో ఉంటే, ఈ సాయంత్రం ఒకసారి వెళ్లి పలకరించండి. డాక్టరుకు చూపించుకున్నాడో లేదో అడగండి.