నగర ట్రాఫిక్‌లో ఓవర్‌డ్రైవ్: ఎంతవరకు మార్చుకోవచ్చు?

గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్ట్ కన్నా బయటికి వెళ్లే షాఫ్ట్ వేగంగా తిరిగే గేరును ఓవర్‌డ్రైవ్ అంటారు. నాలుగు గేర్ల ఆటోమేటిక్ కార్లలో సాధారణంగా మూడో గేరు నేరు గేరు. అందులో ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే బయటి షాఫ్ట్ కూడా ఒక చుట్టే తిరుగుతుంది. నాలుగోది ఓవర్‌డ్రైవ్. దాని నిష్పత్తి 0.70 దగ్గర ఉంటుంది. అంటే బయటి షాఫ్ట్ వెయ్యి చుట్లు తిరగడానికి ఇంజిన్ ఏడు వందల చుట్లు తిరిగితే చాలు. పెట్రోలు ఆదా అవుతుంది, చప్పుడు తగ్గుతుంది, ఇంజిన్ అరుగుదల తగ్గుతుంది. అయితే చక్రానికి అందే లాగుడు శక్తి కూడా అదే లెక్కన ముప్పై శాతం పడిపోతుంది. హైవే మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు ఈ లోటు తెలియదు. సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య నడిచే బండిలో మాత్రం ప్రతి నిమిషం తెలుస్తుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఈ పని చేసేది గ్రహ గేర్ల కూర్పు. మధ్యలో ఒక సూర్య గేరు, దాని చుట్టూ ఒక చట్రంలో బిగించిన చిన్న గ్రహ గేర్లు, వాటన్నిటి బయట లోపలివైపు పళ్లున్న వలయ గేరు. సూర్య గేరును కదలకుండా పట్టి ఉంచి చట్రాన్ని తిప్పితే, వలయ గేరు చట్రం కన్నా వేగంగా తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్ సూత్రం ఇదే. పట్టి ఉంచే పని ఒక ఉక్కు బ్యాండుది, తిప్పే పని క్లచ్ ప్లేట్లది. రెండూ నూనెలో మునిగి, నూనె ఒత్తిడితోనే పనిచేస్తాయి. గేరు మారిన ప్రతిసారీ అవి క్షణకాలం రాసుకుంటాయి, ఆ రాపిడి వేడిగా మారుతుంది. నగరంలో ఓవర్‌డ్రైవ్ తెచ్చే ఇబ్బందులు చాలావరకు ఈ వేడి నుంచే పుడతాయి.

ఓవర్‌డ్రైవ్ ఉన్న ఆటోమేటిక్‌లు అమెరికాలో ఎందుకు వచ్చాయో తెలిస్తే అవి నగరంలో ఎందుకు తడబడతాయో కూడా అర్థమవుతుంది. 1973 చమురు సంక్షోభం తర్వాత ఆ దేశంలో హైవే వేగాన్ని గంటకు 55 మైళ్లకు, అంటే సుమారు 88 కిలోమీటర్లకు పరిమితం చేశారు. కార్ల కంపెనీలు తమ బండ్ల సగటు మైలేజీని పెంచి తీరాలని 1975లో చట్టం వచ్చింది. 1978 మోడల్ కార్లకు గ్యాలన్‌కు 18 మైళ్లతో మొదలుపెట్టి, 1985 నాటికి 27.5 మైళ్లకు చేరాలన్నది లక్ష్యం. మన లెక్కలో లీటరుకు 7.7 కిలోమీటర్ల నుంచి 11.7 కిలోమీటర్లకు పెంచడమన్నమాట. పెద్ద ఇంజిన్లతో ఆ లక్ష్యం అందుకోవడానికి దొరికిన దగ్గరి దారి నాలుగో గేరు. ఫోర్డ్ 1980లో ఏఓడీ అనే గేర్‌బాక్స్ తెచ్చింది. జనరల్ మోటార్స్ 1981లో 200-4ఆర్, 1982లో 700ఆర్4 తెచ్చింది. మైలేజీ అంకె బాగుండాలంటే నాలుగో గేరు వీలైనంత తొందరగా పడాలి కాబట్టి, గేరు పడే వేగాన్ని కూడా తక్కువగానే పెట్టారు. నగరంలో నడిపేవాడి సౌకర్యం ఆ లెక్కలో వెనక్కి పోయింది.

700ఆర్4 ఉన్న ఒక కారును తీసుకుని లెక్క వేస్తే సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఈ గేర్‌బాక్స్ నిష్పత్తులు 3.06, 1.63, 1.00, 0.70. వెనక ఇరుసు నిష్పత్తి 3.08, టైరు వ్యాసం 26 అంగుళాలు అనుకుంటే, గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ మూడో గేరులో నిమిషానికి దాదాపు 2,470 చుట్లు, ఓవర్‌డ్రైవ్‌లో సుమారు 1,730 చుట్లు తిరుగుతుంది. ఆ తేడా హైవే మీద చాలా మేలు. అదే కారు అరవైలో పోతుంటే ఓవర్‌డ్రైవ్‌లో ఇంజిన్ తిరిగేది సుమారు 1,040 చుట్లే. ఐడ్లింగ్ కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ స్థితిలో ముందున్న బస్సును దాటాలని యాక్సిలరేటర్ తొక్కితే బండి లాగదు, ఇంజిన్ వణుకుతుంది, పెట్రోలు ఇంజిన్ అయితే లోపల టకటకమని కొట్టుకోవచ్చు కూడా. ఇంకాస్త తొక్కితే గేర్‌బాక్స్ మూడో గేరుకు దిగుతుంది. కాలు తీయగానే మళ్లీ నాలుగు పడుతుంది. మరో వంద మీటర్లు పోయాక మళ్లీ మూడు. ఇలా రెండు గేర్ల మధ్య ఊగిసలాడే బండిలో క్లచ్ ప్లేట్లు తెరిపి లేకుండా రాసుకుంటూనే ఉంటాయి.

ఫోర్డ్ ఏఓడీలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. మామూలు ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. నూనె ప్రవాహం ద్వారా శక్తిని అందించే ఈ పరికరంలో కొంత జారుడు ఉంటుంది, అది తక్కువ వేగంలో ఇంజిన్‌కు ఊపిరి తిప్పుకునే వీలిస్తుంది. ఏఓడీలో మూడో గేరు పడ్డప్పుడు శక్తిలో అరవై శాతం నేరుగా ఇనుప షాఫ్ట్ ద్వారా, నలభై శాతం కన్వర్టర్ ద్వారా పోతుంది. నాలుగో గేరులో మొత్తం నూటికి నూరు పాళ్లూ షాఫ్ట్ ద్వారానే పోతుంది, జారుడు అనేదే లేదు. గంటకు అరవై, అరవై అయిదు కిలోమీటర్ల దగ్గర తేలిగ్గా నడుపుతున్నప్పుడు ఆ గేరు పడితే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. అందుకే ఏఓడీ బండ్లు వాడినవారిలో చాలామంది ఊళ్లో లివర్‌ను ‘3’ దగ్గరే ఉంచి నడిపేవారు. అది సరైన పని, దానికి పానా పట్టుకోవలసిన అవసరం కూడా లేదు.

వేడి గురించి మెకానిక్‌లకు ఒక పాత లెక్క ఉంది. గేర్‌బాక్స్ నూనె 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే చాలాకాలం మన్నుతుంది. అక్కడి నుంచి ప్రతి పదకొండు డిగ్రీలకూ దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. లెక్క ఉజ్జాయింపే అయినా దిశ మాత్రం సరైనదే. నూనె మాడితే ముందు సీళ్లు గట్టిపడతాయి, సీళ్లు గట్టిపడితే ఒత్తిడి కారిపోతుంది, ఒత్తిడి తగ్గితే క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. ఓవర్‌డ్రైవ్‌లో ఏ మార్పు చేసినా అది ఈ గొలుసును తెంచుతుందా, బిగిస్తుందా అన్నదే అసలు పరీక్ష.

ఈ పరీక్షలో ఎక్కువమంది తప్పేది 700ఆర్4 కేబుల్ దగ్గర. టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్‌గా పిలిచే ఈ తీగ కార్బురేటర్ దగ్గరి థ్రాటిల్ లివర్ నుంచి గేర్‌బాక్స్‌లోకి పోతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కారన్నది గేర్‌బాక్స్‌కు తెలిసేది దీని ద్వారానే. తొక్కిన కొద్దీ కేబుల్ లాగుతుంది, లోపలి నూనె ఒత్తిడి పెరుగుతుంది, గేర్లు ఆలస్యంగా, గట్టిగా పడతాయి. కేబుల్ వదులైతే గేర్లు తొందరగా, మెత్తగా పడతాయి. నడిపేవారికి ఆ మెత్తదనం హాయిగానే ఉంటుంది. లోపల మాత్రం చాలినంత ఒత్తిడి లేక, మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ భారం మోసే క్లచ్ ప్లేట్లు జారుతూ ఉంటాయి. కొన్నాళ్లకు అవి నల్లబడి పొరలుగా ఊడిపోతాయి. సరిచేసే పద్ధతి తేలికే. ఇంజిన్ ఆపి, కేబుల్ చివర ఉన్న చిన్న లోహపు మీట నొక్కి, జారే ముక్కను థ్రాటిల్ లివర్‌కు దూరంగా పూర్తిగా వెనక్కి నెట్టి, మీట వదిలేయాలి. తర్వాత థ్రాటిల్ లివర్‌ను చేత్తో చివరిదాకా తిప్పితే ఆ ముక్క టిక్కుటిక్కుమంటూ తనంతట తాను సరైన చోటికి వచ్చి ఆగుతుంది. అక్కడి నుంచి ఒకటి రెండు టిక్కులు బిగువుగా ఉంటే నగరంలో నాలుగో గేరు కాస్త ఆలస్యంగా పడుతుంది, ఒత్తిడి కూడా పెరుగుతుంది కాబట్టి ప్రమాదం లేదు. వదులు చేయడం మాత్రం ఎప్పుడూ పనికిరాదు.

అయితే కేబుల్ అసలు పని ఒత్తిడిని అదుపు చేయడం. గేరు పడే వేగాన్ని మార్చాలంటే గవర్నర్‌ను సరిచేయాలి. బయటి షాఫ్ట్‌తో పాటు తిరుగుతూ బండి వేగాన్ని నూనె ఒత్తిడిగా మార్చే చిన్న యంత్రమిది. దీని తూకపు బరువులు తేలికైతే అదే ఒత్తిడి రావడానికి బండి ఇంకా వేగంగా పోవాలి, అందువల్ల గేర్లు ఆలస్యంగా పడతాయి. రెండు మూడు రకాల బరువులు పెట్టి, నడిపి చూసి తేల్చుకునే ఓపిక గల పని ఇది. దీనికి తోడు షిఫ్ట్ కిట్‌లు దొరుకుతాయి. నూనె దారులున్న వాల్వ్ బాడీలో కొన్ని స్ప్రింగులు మార్చి, కొన్ని రంధ్రాలు పెద్దవి చేస్తే గేరు మారే సమయం తగ్గుతుంది, రాపిడి తగ్గుతుంది. గేరు పడ్డప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది. ఆ కుదుపును భరించగలిగితే నగరంలో నడిచే పాత బండికి ఇది మంచి మార్పే.

మరో మార్పు లాకప్‌కు సంబంధించినది. 700ఆర్4 వంటి గేర్‌బాక్స్‌లలో కన్వర్టర్ జారుడును పోగొట్టడానికి లోపల ఒక క్లచ్ ఉంటుంది. కరెంటు అందగానే అది కన్వర్టర్‌ను బిగించేస్తుంది, దీన్నే లాకప్ అంటారు. నగరంలో తడబాటుకు చాలాసార్లు నాలుగో గేరు కన్నా ఈ బిగింపే కారణమవుతుంది, కానీ నడిపేవారు రెండింటినీ ఒకటిగా పొరబడతారు. డ్యాష్‌బోర్డు మీద స్విచ్ పెట్టి లాకప్‌ను చేత్తో వేసుకునే ఏర్పాటు అమెరికాలో బాగా వాడుకలో ఉంది. అంతకన్నా మెరుగైనది వ్యాక్యూమ్ స్విచ్. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ఇంజిన్‌లో వ్యాక్యూమ్ పడిపోయి, లాకప్ దానంతటదే విడిపోతుంది. ఏది పెట్టినా బ్రేక్ స్విచ్ ఆ తీగలోనే వరసగా ఉండాలి. అది లేకపోతే బ్రేకు వేసి బండి ఆపినప్పుడు ఇంజిన్ కూడా ఆగిపోతుంది. పైగా లాకప్ అసలే లేకుండా హైవే మీద గంటల తరబడి నడిపితే నూనె వేడెక్కుతుంది.

ఇక ఇరుసు నిష్పత్తి. పైన చెప్పిన కారులో 3.08కి బదులు 3.73 పెడితే అరవై కిలోమీటర్ల దగ్గర ఓవర్‌డ్రైవ్‌లో ఇంజిన్ చుట్లు 1,040 నుంచి సుమారు 1,260కి పెరుగుతాయి. ఖర్చూ శ్రమా ఎక్కువే, స్పీడోమీటరును కూడా సరిచేయాలి. అయినా యంత్రపరంగా ఇంతకన్నా నికార్సయిన పరిష్కారం లేదు. మిగతా మార్పులు గేరు పడే సమయాన్ని జరుపుతాయి, ఇది ఇంజిన్‌కు ఆ గేరును మోసే బలాన్ని ఇస్తుంది.

1990ల నుంచి ఈ నిర్ణయాలన్నీ కంప్యూటర్ చేతికి పోయాయి. 700ఆర్4కు వారసుడైన 4ఎల్60-ఈలో టీవీ కేబుల్ లేదు, గవర్నర్ లేదు. గేరు ఎప్పుడు పడాలన్నది సాఫ్ట్‌వేర్‌లో రాసిన పట్టిక ప్రకారం జరుగుతుంది, దాన్ని మార్చాలంటే ల్యాప్‌టాప్ కావాలి. కొందరు ఓవర్‌డ్రైవ్ సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్)కు వెళ్లే తీగను కత్తిరించి పని అయిపోయిందనుకుంటారు. తీగ తెగిన సంగతిని కంప్యూటర్ లోపంగా గుర్తిస్తుంది. హెచ్చరిక లైటు వెలుగుతుంది, చాలా బండ్లలో గేర్‌బాక్స్ ఒకే గేరులో బిగుసుకునే రక్షణ స్థితికి పోతుంది. వారంటీ ఉంటే అదీ పోతుంది. కంప్యూటర్ ఉన్న బండిలో తీగలు కోయడం మార్పు కాదు, చెడగొట్టడమే.

మన రోడ్ల మీద ఈ ప్రశ్న ఎక్కువగా వచ్చేది నాలుగు గేర్ల ఆటోమేటిక్ మారుతీ కార్లలో. పాత ఎర్టిగా, సియాజ్, 2020 నాటి పెట్రోలు బ్రెజా ఆ కోవలోవి. వీటి గేరు లివర్ పక్కన ‘ఓ/డీ’ అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే మీటర్లలో ‘ఓ/డీ ఆఫ్’ లైటు వెలుగుతుంది. లైటు వెలిగితే ఓవర్‌డ్రైవ్ పనిచేస్తోందని చాలామంది అనుకుంటారు. నిజానికి వెలిగిందంటే అది ఆగిపోయిందని అర్థం, ఇక బండి మూడో గేరు దాటదు. ఆ లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం అది వేరే సంగతి. చాలా బండ్లలో అది గేర్‌బాక్స్‌లో లోపానికి గుర్తు, వెంటనే చూపించుకోవాలి.

ఈ బటన్ ఉన్నవారికి ఏ మార్పూ అక్కర్లేదు. పంజాగుట్ట, అమీర్‌పేట వంటి చోట్ల ముప్పై దాటని ట్రాఫిక్‌లో నాలుగో గేరు ఎలాగూ పడదు కాబట్టి, నొక్కినా నొక్కకపోయినా మైలేజీలో తేడా కనిపించదు. నలభై అయిదుకీ అరవై అయిదుకీ మధ్య వేగం హెచ్చుతగ్గులయ్యే దారుల్లో, ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు, నిండా మనుషులతో ఏసీ వేసుకుని పోయేటప్పుడు ఓవర్‌డ్రైవ్ ఆపితే ఊగిసలాట ఆగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక మళ్లీ వేసుకోవాలి. అక్కడ కూడా మూడో గేరులోనే పోతే ఇంజిన్ దాదాపు నలభై శాతం ఎక్కువ చుట్లు తిరుగుతుంది, పెట్రోలు కూడా ఎక్కువ ఖర్చవుతుంది. తిరుమల ఘాట్‌లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆపి ఉంచడమే మంచిది. దిగేటప్పుడు ఇంజిన్ బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలవు. వాలు ఎక్కువైన చోట లివర్‌ను ‘2’కు దించాలి. 2022లో వచ్చిన ఆరు గేర్ల ఎర్టిగా, బ్రెజాలలో స్టీరింగ్ వెనకున్న ప్యాడిల్ మీటలతో ఇదే పని చేయవచ్చు. సీవీటీ, ఏఎంటీ కార్ల యంత్రాంగం వేరు, ఈ మార్పులేవీ వాటికి వర్తించవు.

పాత బండి అయినా కొత్త బండి అయినా, గేర్లు సరిగా పడడం లేదనిపిస్తే మొదట చూడవలసింది నూనె. డిప్‌స్టిక్ ఉంటే తీసి తెల్లటి గుడ్డకు తుడవాలి. ఎర్రగా, తేటగా ఉంటే సరే. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వేస్తే, నల్లటి పొడి కనిపిస్తే క్లచ్ ప్లేట్లు అప్పటికే అరిగాయి. అలాంటి గేర్‌బాక్స్‌కు స్విచ్చులూ షిఫ్ట్ కిట్‌లూ పెట్టడం డబ్బు దండగ, ముందు దాన్ని విప్పించి బాగుచేయించాలి.