తెరపై డబ్బాలొస్తున్నాయా? నంబరు అడగండి!

ప్యారడైజ్ దగ్గరి సీటీసీలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నారు. విండోస్ తీసేసి లైనక్స్ వేశారు. సీనియర్ పంపిన సెట్టింగ్స్ ఫైలూ పెట్టుకున్నారు. అతని తెర మీద బ్యాటరీ, వైఫై, ఫోల్డర్ బొమ్మలు ముచ్చటగా ఉంటే మీకు మాత్రం ఖాళీ డబ్బాలు! చాలామంది ఇక్కడే లైనక్స్‌ను మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేస్తారు. ఆదివారం పోతుంది, డబ్బాలు పోవు.

అసలు అక్కడేమీ పాడవలేదు. ఆ బొమ్మలు కంప్యూటర్ లెక్కలో అక్షరాలే. లిపులన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్నాయి. ‘అ’ నంబరు 0సీ05. యూనికోడ్ తెలుగు ఫాంట్ ఏది తీసుకున్నా ఆ నంబరుకు ‘అ’ మాత్రమే వస్తుంది. అదే యూనికోడ్‌లో ఈ000 నుంచి ఎఫ్8ఎఫ్ఎఫ్ దాకా 6,400 స్థానాలను ఏ లిపికీ ఇవ్వకుండా ‘ప్రైవేట్ యూజ్ ఏరియా’గా వదిలేశారు. ఫాంట్ ఆసమ్, నెర్డ్ ఫాంట్స్ లాంటి ఐకాన్ ఫాంట్లు తమ బొమ్మల్ని పెట్టుకున్నది ఎక్కువగా అక్కడే. పోరంబోకులో ఎవరికి తోచిన చోట వాళ్లు గుడిసె వేసుకున్నట్టు!

గొడవలూ అలాగే వస్తాయి. ఎఫ్303 నంబరు నెర్డ్ ఫాంట్స్‌లో ఆర్చ్ లైనక్స్ లోగో. ఫాంట్ ఆసమ్ 5లో అదే నంబరు పెన్సిల్. రెండూ ఉన్న సిస్టంలో లోగో బదులు పెన్సిల్ వచ్చిందంటే, వరసలో ముందున్న ఫాంట్ జవాబిచ్చిందన్నమాట.

తెలుగువాళ్లకు ఇది పాత కథే. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టిన పెళ్లి పత్రిక ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలుతోపాటు ఫాంటునూ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాల్సిందే.

కాబట్టి ముందు డబ్బా వెనకున్న నంబరు పట్టుకోండి. ఫైర్‌ఫాక్స్ లాంటివి దాన్ని డబ్బాలోనే చిన్నగా రాసి చూపిస్తాయి. లేదంటే ఆ డబ్బాను కాపీ చేసి పైథాన్‌లో ‘ఆర్డ్’ ఫంక్షన్‌కిచ్చి, వచ్చినదాన్ని ‘హెక్స్’కివ్వండి. ఇప్పుడు టెర్మినల్‌లో ‘ఎఫ్‌సీ-లిస్ట్’ కమాండ్‌కు చార్‌సెట్‌గా ఆ నంబరు ఇస్తే, ఆ స్థానంలో బొమ్మ ఉన్న ఫాంట్లన్నీ బయటపడతాయి. ఏమీ రాలేదా? మీ దగ్గర ఫాంటు లేదు. డౌన్‌లోడ్ చేసి, హోంలోని డాట్ లోకల్, అందులో షేర్, అందులో ఫాంట్స్ ఫోల్డర్‌లో వేసి ‘ఎఫ్‌సీ-క్యాష్’ కొట్టండి. ప్రోగ్రాంను ఒకసారి మూసి తెరవండి.

ఫాంటు పేరు వచ్చినా డబ్బానే కనిపిస్తోందంటే సెట్టింగ్స్‌లో రాసిన పేరు తేడాగా ఉండొచ్చు. నాలుగో వర్షన్‌లో ‘ఫాంట్‌ఆసమ్’ అని కలిపి ఉన్న పేరు ఐదులో ‘ఫాంట్ ఆసమ్ 5 ఫ్రీ’ అయింది, కంపెనీల లోగోలు ‘బ్రాండ్స్’ అనే వేరే ఫాంటులోకి వెళ్లాయి. తమాషా ఏంటంటే, ఉబుంటు 24.04లో ఈ ప్యాకేజీ నంబరు 5తో మొదలవుతుంది గానీ లోపలున్నది 4.7. ప్యాకేజీ వర్షన్‌లోనే ‘రియల్లీ’ అని రాసి మరీ ఆ సంగతి ఒప్పుకున్నారు!

నెర్డ్ ఫాంట్స్‌తో ఇంకో చిక్కుంది. అందులోని మెటీరియల్ డిజైన్ ఐకాన్లు కొన్ని ప్రైవేటు హద్దు దాటి చైనీస్, అరబిక్ అక్షరాల స్థలంలో కూర్చున్నాయి. 2023లో వచ్చిన మూడో వర్షన్‌లో వాటిని పాత నంబర్ల నుంచి ఖాళీ చేయించి వేరే చోటికి పంపేశారు. అంతకుముందు రాసిన సెట్టింగ్స్ ఫైలు తెచ్చుకుంటే డబ్బాలో, చైనీస్ అక్షరాలో రావడం మామూలే. ఇక్కడ మార్చాల్సింది ఫైలులోని నంబర్లను.

సపోర్ట్, డెవాప్స్ ఇంటర్వ్యూల్లో ‘లైనక్స్‌లో మీరు తేల్చిన సమస్య ఒకటి చెప్పండి’ అంటే ఇది చక్కగా పనికొస్తుంది. ‘రీఇన్‌స్టాల్ చేశాను సార్’ అనేవాళ్ల మధ్య నంబరు కనుక్కుని ఫాంటు దాకా వెళ్లిన మనిషి ఇట్టే తెలిసిపోతాడు.

అన్నట్టు, ఫోన్, మెయిల్ బొమ్మలతో రెజ్యూమె చేసుకున్నారా? టెర్మినల్‌లో ‘పీడీఎఫ్‌ఫాంట్స్’ కమాండ్‌కు ఆ ఫైలు పేరిచ్చి, ప్రతి ఫాంటుకూ ‘ఈఎంబీ’ గడిలో ‘యెస్’ ఉందేమో చూడండి. లేకుంటే అవతలి కంప్యూటర్‌లో ఆ బొమ్మలు సరిగా వస్తాయన్న భరోసా లేదు. తర్వాత రెజ్యూమె మొత్తం కాపీ చేసి టెక్స్ట్ ఎడిటర్‌లో పేస్ట్ చేయండి. బొమ్మల చోట డబ్బాలొచ్చాయంటే, రెజ్యూమెలను వడపోసే సాఫ్ట్‌వేర్‌కు కూడా వాటి అర్థం అందదు. ‘ఫోన్’, ‘ఈమెయిల్’ అని మాటల్లోనే రాసేయండి.