సాంచెల మోతలో చెవులేమైపోవాలి?

సిరిసిల్లలో మా పెద్దక్క ఇంటికి వెళ్తే మొదటిరోజు నాకు తలనొప్పి తప్పదు. ఇంటిని ఆనుకునే షెడ్డు, అందులో సాంచెలు. (మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు.) "ఏం మోతనే? మాకేం వినిపిస్తలేదు!" అని నవ్వుతుంది అక్క.

నిజంగానే వినిపించడం లేదని మొన్న సంక్రాంతికి తెలిసింది. కుక్కర్ నాలుగు కూతలు వేసినా లేవలేదు. మనవరాలు చెవి దగ్గర చేరి గుసగుసగా ఏదో చెబితే, ఊరికే తల ఊపి నవ్వింది. పాప చిన్నబుచ్చుకుని నా దగ్గరికొచ్చేసింది.

పాతికేళ్లుగా ఆ షెడ్డులో కండెలు చుడుతోంది అక్క. సాంచె నడిపేది బావ కాబట్టి చెవుడొస్తే ఆయనకే అనుకున్నాం. పక్కన కూర్చున్న ఆడవాళ్ల చెవుల సంగతి ఎవరికి పట్టింది! లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి సన్నటి కణాలుంటాయి. మోతకు అవి చచ్చిపోతే మళ్లీ మొలవవు. మందూ లేదు. ముందుగా పోయేవి సన్నని శబ్దాలే. అందుకే మాట వినిపిస్తుంది గానీ అర్థం కాదు.

రోజుకు ఎనిమిది గంటలు వినాలంటే 85 డెసిబెల్స్ మించకూడదంటారు నిపుణులు. ఆపైన మూడు పెరిగితే సమయం సగమవ్వాలి. అంటే 88కి నాలుగు గంటలు, 91కి రెండే! సాంచెల షెడ్లలో 90 దాటడం మామూలే. కొలిచే యంత్రం లేదా? చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే, చెవికి రక్షణ కావాల్సిందే.

జగిత్యాలలో మందుల షాపులో అడిగితే దూది చేతిలో పెట్టాడు. దూదితో తగ్గేది చాలా తక్కువ. కావలసింది ఇయర్ ప్లగ్గులు. మెత్తటి నురుగువి చవక, మోతను బాగా ఆపుతాయి. కాకపోతే పెట్టుకోవడం తెలియాలి. సన్నగా నులిమి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి జొనిపి, ఉబ్బేదాకా అరనిమిషం వేలితో అదిమి ఉంచాలి. పైపైన తగిలిస్తే దండగే. ప్యాకెట్ మీద 29 అని ఉన్నా, మనకు దక్కేది అందులో సగమే అనుకోండి.

దుమ్ము, నూలు పొట్టు ఎగిరేచోట కడుక్కునే సిలికాన్ ప్లగ్గులే నయం, అవీ తాడుతో ఉన్నవైతే పడిపోవు. చెవుల మీద బోర్లించే మఫ్‌లు మంచివే గానీ మన ఏప్రిల్ ఎండల్లో రేకుల షెడ్డు కింద ఎవరు భరిస్తారు? చెవిలో చీము కారుతుంటే ఏదీ దూర్చకుండా ముందు డాక్టరుకు చూపించాలి.

ఆ మఫ్‌లు పిల్లలకు మాత్రం పనికొస్తాయి. కోరుట్లలో ఓ పెళ్లి బరాత్‌లో డీజే డబ్బాల ముందు చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడిన తల్లిని చూసి నా గుండె గుభేలుమంది. చిన్న చెవుల్లో ప్లగ్గులు సరిగా నిలవవు. పసిపిల్లల సైజు మఫ్‌లు దొరుకుతాయి. అన్నిటికంటే ముందు డబ్బాలకు దూరం జరగాలి.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ కార్ల పందెం జరిగింది. అవి కరెంటు కార్లు కాబట్టి మోత తక్కువ. అదే పెట్రోలు కార్ల పందేలకైతే చూసేవాళ్లు కూడా ప్లగ్గులు పెట్టుకుంటారు. రెండు గంటల సరదాకే అంత జాగ్రత్త పడితే, పాతికేళ్ల కూలికి ఎంత పడాలి?

అక్క ఇప్పుడు తాడు ప్లగ్గులు మెడలో వేసుకుంటోంది. "పుస్తెలతాడుకు తోడొచ్చింది" అని నవ్వుతుంది. పోయిన వినికిడి రాదని తెలుసు, ఉన్నదైనా మిగలాలని ఆశ. బావ మాత్రం "దారం తెగితే ఎట్ల తెలుస్తది?" అంటూ ఆయన జత ఇంకా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నారు.