పెన్న పుట్టింటికి మెట్ల దారి

బెంగళూరులో ఉండే మన పిల్లల్ని నంది హిల్స్ గురించి అడగండి. తెల్లారుజామున మూడింటికి బైకు తీయడం, పైన మంచులో సూర్యోదయం చూడడం, నాలుగు ఫోటోలు దిగడం, దారిలో ఇడ్లీ తిని తొమ్మిదికల్లా ఇంటికి రావడం. అంతే. ఆ యాత్ర మీద నాకంత గౌరవం లేదు. అక్కడ కొండెక్కేది కారూ బైకూ, మనుషులు కాదు.

నేను నెల్లూరు ఆడపడుచుని. పెన్న నీళ్లు తాగి పెరిగాను. ఆ పెన్న పుట్టిన కొండలు బెంగళూరులోని మా ఇంటికి 60 కిలోమీటర్ల దూరంలో ఉంటే కారద్దంలోంచి చూసి రావడం నాకు నచ్చలేదు. అందుకే ఉగాది వెళ్లిన వారంలో, జనం ఉండని పనిదినం చూసుకుని బయల్దేరాను. "ఒక్కదానివే ఎందుకమ్మా, ఆదివారం నేను కార్లో తీసుకుపోతా కదా" అన్నాడు మావాడు. "కార్లో పోతే కొండెక్కినట్టు ఎట్టవుద్దిరా" అన్నాను.

మెజెస్టిక్ బస్టాండులో చిక్కబళ్లాపురం బస్సెక్కి నంది క్రాస్‌లో దిగి, ఆటోలో నంది గ్రామం చేరాను. అక్కడి భోగనందీశ్వరుడి గుడి 9వ శతాబ్దం నాటిది. లోపల అరుణాచలేశ్వరుడు శివుడి బాల్యానికి గుర్తట, భోగనందీశ్వరుడు యౌవనానికి. కొండమీది యోగనందీశ్వరుడు మాత్రం విరాగి. అందుకేనేమో కింది గుడి నిండా శిల్పాలు, పై గుడిలో ఏ ఆడంబరమూ లేదు. గుడిలోని శృంగితీర్థం అనే కోనేరే దక్షిణ పినాకిని నదికి మూలమని స్థలపురాణం.

మెట్లు మొదలయ్యేది సుల్తాన్‌పేట దగ్గర. మొత్తం 1,175 అంటారు. మొదట్లో దోసకాయలు కోసి ఉప్పూకారం చల్లి అమ్మే అవ్వ ఒకామె కూర్చుని ఉంది. నేను కన్నడంలో నోరు తెరవబోతుంటే, "యాడికి పోతావమ్మా ఒంటిగా?" అంది తెలుగులో. చిక్కబళ్లాపురం, కోలారు పల్లెల్లో తెలుగు వినబడడం వింతేం కాదు. దోసకాయ కాగితంలో చుట్టిచ్చి, "కవరు కనబడనీయొద్దు, కోతులు గుంజుకుంటాయి" అని హెచ్చరించింది. నిజమే. నా ముందు నడుస్తున్న కుర్రాడి చేతిలో చిప్స్ ప్యాకెట్ చప్పుడయ్యీ కాకముందే గోడ మీది కోతి దిగి పట్టుకుపోయింది.

మెట్లు పెద్ద పెద్ద రాతిబండలు. ఒకటి జానెడు ఎత్తుంటే పక్కది మోకాలి దాకా లేస్తుంది. కోట ద్వారాలు దాటేటప్పుడు కాస్త నీడ, మిగతాదంతా ఎండే. మార్చి, ఏప్రిల్ నెలల్లో పది దాటితే రాయి కాగుతుంది కాబట్టి ఏడింటికల్లా మొదలుపెట్టాలి. అయినా ఈ కాలమే బాగుంటుందంటాను. కొండ కింద కానుగలు పూత రాలుస్తుంటాయి, లేతాకుల పచ్చదనం మధ్య బండలు స్పష్టంగా కనబడతాయి. వానాకాలంలో మబ్బు తప్ప మరేమీ కనబడదు.

శిఖరం ఎత్తు 1,478 మీటర్లు. చుట్టూ నేలే 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది గనుక, ఇది మహాపర్వతమేం కాదు. దీని గొప్పదనమంతా నీళ్లను పంచడంలో ఉంది. ఈ కొండల వరుసకు ఉత్తరాన పడ్డ వాన ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, అవుతుంది. చెన్నకేశవ కొండ దగ్గర పుట్టి హిందూపురం వైపు నుంచి మన రాష్ట్రంలోకి వచ్చి, గండికోట లోయను కోసుకుని, సోమశిల, నెల్లూరు దాటి 597 కిలోమీటర్లు నడిచి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని తమిళనాడులోకి పోయి కడలూరు దగ్గర అదే సముద్రం చేరుతుంది. అర్కావతి కావేరిలో కలుస్తుంది. పుట్టపర్తి పక్కన పారే చిత్రావతిదీ ఈ ప్రాంతమే. పైన గోడ దగ్గర నిలబడి ఇటు నెల్లూరు, అటు కడలూరు అనుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

కానీ నదులు కనబడతాయని ఎవరూ ఆశపడకండి. వేసవి మొదట్లో ఇక్కడ నీటిచుక్క పారదు. కనబడేవి ద్రాక్షతోటలు, క్వారీలు, నీలగిరి తోపులు. మన దేశంలో నీలగిరి చెట్లను మొదట నాటించింది ఈ కొండమీదేనని, 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ తెప్పించాడని అటవీశాస్త్ర పుస్తకాలు చెబుతాయి. ఆ చెట్లు భూగర్భజలాన్ని పీల్చేస్తున్నాయని 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటడాన్నే నిషేధించింది. ఇప్పుడు చిక్కబళ్లాపురం జిల్లా చెరువుల్ని నింపడానికి బెంగళూరు హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని శుద్ధిచేసి పంపుతున్నారు. ఇన్ని నదులు పుట్టిన చోటికి పట్నం వాడి వదిలేసిన నీళ్లు ఎదురు రావడం నాకు చివుక్కుమనిపించింది.

చరిత్రకు వస్తే, 1791 అక్టోబరులో బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ సైన్యం ఈ కోటను పట్టుకుంది. గాంధీజీ 1927లోనూ 1936లోనూ ఇక్కడ విశ్రాంతి తీసుకున్నారు. 1986లో సార్క్ దేశాధినేతలు వచ్చారు. పక్కనున్న ముద్దేనహళ్లిలోనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టారు. ఆయన పూర్వీకుల ఊరు మోక్షగుండం మన గిద్దలూరు ప్రాంతంలో ఉంది.

ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఒక సంగతి. 2022 ఫిబ్రవరిలో పంతొమ్మిదేళ్ల విద్యార్థి ఒకడు ఒక్కడే ఎదుటి బ్రహ్మగిరి ఎక్కి, జారి సుమారు 300 అడుగుల కింద బండ అంచున చిక్కుకున్నాడు. సహాయక దళాలు చేరలేకపోతే వైమానికదళం ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి పైకి లాగింది. తానెక్కడున్నాడో ఫోన్‌లో పోలీసులకు పంపగలిగాడు కాబట్టి బతికాడు. నంది మెట్ల దారిలో అంత ప్రమాదం లేదు, మెట్లు వదిలి బండల మీదికి పోనంతవరకు.

కడప, అనంతపురం, నెల్లూరు జిల్లాల నుంచి వచ్చి బెంగళూరులో బతుకుతున్నవాళ్లు ఎందరో. ఆదివారం సూర్యోదయం ఒకసారికి మానండి. ఒక పనిదినాన సెలవు పెట్టి, ఇంట్లో ఒకరికి చెప్పి, రెండు లీటర్ల నీళ్లు పట్టుకుని సుల్తాన్‌పేట మెట్ల దగ్గర దిగండి.