హోమ్ లోన్: ఖాతాలో ఒక్కసారిగా లక్షలు పడితే బ్యాంకుకు ఏం చూపించాలి?

విజయవాడలో ఫ్లాట్ చూసుకుని, అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నారు. హోమ్ లోన్‌కు దరఖాస్తు చేశారు. స్టేట్‌మెంట్ చూసిన బ్యాంకు ‘గత నెలలో పడిన ఈ రూ.8 లక్షలు ఎక్కడివి?’ అని అడిగింది. సరైన జవాబు లేకపోతే లోన్ ఆగుతుంది. ఈలోగా అగ్రిమెంట్ గడువు దాటితే అడ్వాన్స్‌కే ఎసరు రావచ్చు.

బ్యాంకు ఎందుకు అడుగుతుంది?

ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం రూ.30 లక్షల వరకు రుణమైతే ఇంటి విలువలో 90 శాతం, రూ.75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మించి ఇవ్వకూడదు. మిగతాది మీ వాటా. పోరంకిలో రూ.60 లక్షల ఫ్లాట్ కొంటే గరిష్ఠంగా రూ.48 లక్షలు వస్తాయి. రూ.12 లక్షలు మీరే పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చులు అదనం.

ఆ రూ.12 లక్షలు వడ్డీకి తెచ్చినవైతే, అదే జీతంలోంచి రెండు అప్పులు తీర్చాలి. అందుకే డబ్బు మీదా, అప్పు తెచ్చిందా అన్నది బ్యాంకు తేల్చుకుంటుంది. అనుమానాస్పద లావాదేవీలపై కన్నేసి ఉంచాల్సిన బాధ్యత కూడా చట్టప్రకారం బ్యాంకులపై ఉంది.

ఏ డబ్బుకు ఏ కాగితం?

* పొలం అమ్మితే: రిజిస్టర్ అయిన దస్తావేజు, డబ్బు అందిన ఖాతా స్టేట్‌మెంట్. దస్తావేజులో రాసిన ధర వరకే లెక్క. రూ.30 లక్షలకు అమ్మి రూ.10 లక్షలని రాయించుకుంటే, మిగతా రూ.20 లక్షలకు చూపడానికి కాగితం ఉండదు.
* ధాన్యం డబ్బు: పట్టాదారు పాస్‌బుక్, అమ్మకం రసీదులు. ప్రభుత్వ కొనుగోలు సొమ్ము రైతు ఖాతాలోనే పడుతుంది కాబట్టి చిక్కు తక్కువ. కైకలూరు వైపు చేపల చెరువుల ఆదాయాన్ని మాత్రం వ్యవసాయ ఆదాయంగా చూపలేరు. అది ఐటీ రిటర్నులో ఉండాలి.
* చీటీ పాట: రిజిస్టర్డ్ చిట్ కంపెనీ ఇచ్చే స్టేట్‌మెంట్. ఇంకా కట్టాల్సిన వాయిదాలను బ్యాంకు మీ బాధ్యతగా లెక్కించవచ్చు.
* అమ్మానాన్నలు, అత్తమామలు ఇస్తే: తిరిగి ఇవ్వనక్కర్లేదని తెలిపే గిఫ్ట్ డీడ్, ఇచ్చినవారి ఖాతా స్టేట్‌మెంట్. తోబుట్టువులు, మేనమామ, బాబాయి ఇచ్చినా పన్ను లేదు. పెదనాన్న కొడుకు, స్నేహితుడు వంటివారు ఇచ్చింది ఏడాదిలో మొత్తం రూ.50 వేలు దాటితే ఆ సొమ్మంతటిపైనా పన్ను పడుతుంది.
* విదేశాల నుంచి వస్తే: పంపినవారి వివరాలతో బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ పత్రం.

నగదుతోనే అసలు చిక్కు

ఒకరి నుంచి ఒకే రోజున, లేదా ఒకే లావాదేవీకి, రూ.2 లక్షలు అంతకుమించి నగదుగా తీసుకోకూడదు. నాన్న ఇచ్చినా ఇదే వర్తిస్తుంది. చేబదులుకు, స్థిరాస్తి అమ్మకపు సొమ్ముకు పరిమితి ఇంకా తక్కువ: రూ.20 వేలు, ఆపైన నగదు కుదరదు. ఉల్లంఘిస్తే తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడవచ్చు. చేబదులు విషయంలో ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను కట్టాల్సిన ఆదాయం లేకపోతేనే మినహాయింపు. జీతగాళ్లకు అది వర్తించదు.

సేవింగ్స్ ఖాతాల్లో ఆర్థిక సంవత్సరంలో రూ.10 లక్షలు, ఆపైన నగదు జమైతే బ్యాంకు ఆ వివరాన్ని ఐటీ శాఖకు పంపుతుంది. రోజుకు కొంత చొప్పున విడగొట్టి వేసినా మొత్తం కలిపే చూస్తారు. పైగా ఆ తీరే అనుమానం పెంచుతుంది.

దరఖాస్తుకు ముందే ఇలా చేయండి

బ్యాంకులు సాధారణంగా ఆరు నెలల స్టేట్‌మెంట్ అడుగుతాయి. అందులో జీతం కాకుండా పడిన పెద్ద మొత్తాలను గుర్తించి, ఒక్కోదానికి తేదీ, పంపినవారు, కారణం రాసి, ఆధారం జతచేయండి. ఇంట్లోవాళ్ల సాయాన్ని ఖాతా నుంచి ఖాతాకే తీసుకోండి. నలుగురి ఖాతాల గుండా తిప్పితే నలుగురి స్టేట్‌మెంట్లూ అడుగుతారు.

అప్పును గిఫ్ట్ అని రాయించొద్దు. అప్పుంటే చెప్పేయండి. మంజూరయ్యే రుణం కొంత తగ్గవచ్చు, కానీ తప్పుడు పత్రం ఇచ్చినట్లు తేలితే దరఖాస్తే తిరస్కరణకు గురికావచ్చు. అగ్రిమెంట్‌లో ‘లోన్ మంజూరు కాకపోతే అడ్వాన్స్ వాపసు’ అన్న షరతు ముందే రాయించుకుంటే మంచిది.